ఖైదీ తల్లి

పునీత జోన్ ఆఫ్ ఆర్క్‌ను మీరెరుగుదురు. ఆమె తల్లి ఇసబెల్ రోమేను ఎరుగుదురా? ఫ్రాన్స్‌లోని దోంరెమీ గ్రామంలో రైతు ఇల్లాలు. బిడ్డకు పరలోక జపం, మంగళవార్త జపం నేర్పినది ఆమెయే.

1430 మే నెలలో ఆ బిడ్డ శత్రువులకు చిక్కింది. రువాన్ కోటలో సంకెళ్ళు వేశారు. తీర్పు చెప్పినవారు ఒక పీఠాధిపతి! 1431 మే 30న మతభ్రష్టురాలని ముద్రవేసి సజీవ దహనం చేశారు. భర్త కూడా గతించాడు.

అయినా ఇసబెల్ బిడ్డను వదులుకోలేదు. శ్రీసభనూ వదలలేదు. 1455 నవంబరు 7న, ముదిమి వయసులో, పారిస్ నోత్ర్ దామ్ దేవాలయానికి వచ్చి, మూడవ కలిస్టస్ జగద్గురువులు నియమించిన న్యాయాధిపతుల ఎదుట కన్నీటితో న్యాయమడిగింది. 1456 జూలై 7న ఆ తీర్పు రద్దయింది. 1458లో ఆమె కన్నుమూసింది.

మీ విచారణలో బిడ్డ జైలులో ఉన్న తల్లి ఉన్నదా? నేరం సంగతి కోర్టు చూసుకుంటుంది. ఆదివారం పూజలో మీరు ఆమె పక్కన కూర్చోండి.