చేతిలో ఉన్నదానితో నమ్మకముగా – జార్జ్ వాషింగ్టన్ కార్వర్ జీవితము



ప్రియ సహోదరుడా, క్రైస్తవ పురుషునిలో ఉండవలసిన గుణములను గూర్చి వారం వారం ధ్యానించుకుంటున్నాము. ఈ వారం గుణము నమ్మకత్వము.

నమ్మకత్వము అంటే దొంగతనం చేయకుండా ఉండడం అనుకుంటాం. అది మొదటి మెట్టు మాత్రమే. పేరు రాని చోట, ఎవరూ చూడని చోట, మనల్ని చిన్నచూపు చూసే చోట కూడా చేతిలో ఉన్న పనిని దేవుని ఎదుట చేసినట్టు చేయడం అసలైన నమ్మకత్వము. ఇది చెప్పినంత సులువు కాదని నాకు తెలుసు. అందుకే ఈసారి అమెరికా దేశములో బ్రతికిన ఒక నల్లజాతి సహోదరుని జీవితం మీ ముందు పెడుతున్నాను. ఆయన పేరు జార్జ్ వాషింగ్టన్ కార్వర్.

ఈయన జీవితమంతా శెనక్కాయలతో ముడిపడి ఉంది. మా కడప, అనంతపురం వైపు వాళ్లం శెనక్కాయలు, బుడ్డలు అంటాం. కోస్తా అన్నలు వేరుశెనగ అంటారు, తెలంగాణ తమ్ముళ్లు పల్లీలు అంటారు. వాన రాక ఆ పంట పోయి, అప్పు చేసి విమానం ఎక్కినవాళ్లు మనలో ఎంతమంది లేరు! కాబట్టి ఈ మనిషి కథ మనకు పరాయి కథ కాదు.

జార్జ్ 1864 ప్రాంతంలో మిస్సోరీ రాష్ట్రంలో డైమండ్ అనే పల్లె దగ్గర పుట్టాడు. ఖచ్చితమైన తేదీ ఆయనకే తెలియదు, ఎందుకంటే బానిస పిల్లవాడు ఎప్పుడు పుట్టాడో ఎవరూ రాసిపెట్టలేదు. తల్లి మేరీ, మోజెస్ కార్వర్ అనే తెల్ల రైతు కొనుక్కున్న మనిషి. జార్జ్ పసిబిడ్డగా ఉన్నప్పుడు దోపిడీ ముఠా వచ్చి తల్లినీ బిడ్డనూ ఎత్తుకుపోయింది. యజమాని మనిషిని పంపించి వెతికిస్తే బిడ్డ ఒక్కడే దొరికాడు. తెచ్చిచ్చిన మనిషికి యజమాని ఒక గుర్రాన్ని ఇచ్చాడు. తల్లి మాత్రం మరల ఎప్పుడూ కనబడలేదు.

తమ్ముడా, ఒకసారి ఆలోచించు. ఒక గుర్రం ఇచ్చి తిరిగి తెచ్చుకున్న బిడ్డ, అమ్మ ముఖం కూడా గుర్తులేని బిడ్డ. లోకము మీద పగ పెట్టుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

బానిసత్వం రద్దయ్యాక మోజెస్, ఆయన భార్య సూసన్ ఆ బిడ్డనూ వాడి అన్న జిమ్‌నూ ఇంట్లోనే పెంచారు. జార్జ్‌ది బలహీనమైన ఒళ్లు, పొలం పనికి పనికిరాడు. అందుకని సూసన్ అమ్మ దగ్గర వంట, బట్టలు ఉతకడం, కుట్టుపని నేర్చుకున్నాడు. ఖాళీ దొరికితే అడవిలోకి పోయి మొక్కలు తెచ్చి పెంచేవాడు. ఎవరి మొక్క వాడిపోయినా ఈ పిల్లవాణ్ణే పిలిచేవారు.

చదువు మీద ఆశ. కానీ ఆ ఊరి బడిలో నల్ల పిల్లలకు చోటు లేదు. పదకొండు పన్నెండేళ్ల వయసులో ఒంటరిగా నడుచుకుంటూ నియోషో అనే పట్టణం చేరాడు. అక్కడ మరియా వాట్కిన్స్ అనే నల్లజాతి అమ్మగారు, కాన్పులు చేస్తూ బట్టలు ఉతికే ఆవిడ, చేరదీసింది. పేరేంటని అడిగితే కార్వర్ వాళ్ల జార్జ్‌ని అని చెప్పాడట. బానిసలకు అదే అలవాటు, ఎవరి సొత్తో ఆ పేరు. ఆవిడ ఒప్పుకోలేదు. ఇకమీదట నువ్వు జార్జ్ కార్వర్‌వి అని సరిదిద్దింది. ఆవిడ ఇచ్చిన బైబిలు ఆయన దగ్గర జీవితాంతం ఉంది.

ఈ సంగతి చదివినప్పుడు నాకు నా కువైట్ రోజులు గుర్తొచ్చాయి. నేను ఒక కట్టడం పనిలో హెల్పర్‌ని. మా సూపర్‌వైజర్ నన్ను రెండేళ్లలో ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు, కార్డు మీద నంబరుతోనే పిలిచేవాడు. ఆ కోపంతో నేను ఆ రెండేళ్లూ మనసు పెట్టి పని చేయలేదు. వీడి కోసం నేనెందుకు ఒళ్లు వంచాలి అనుకున్నాను. నా రూమ్‌లో ఉన్న ఇంకో తమ్ముడు అదే అవమానం పడుతూనే వెల్డింగ్ నేర్చుకున్నాడు. సూపర్‌వైజర్ బదిలీ అయిపోయాడు. ఆ తమ్ముడికి చేతిలో పని మిగిలింది, నాకు కోపం మిగిలింది. అందుకే ఈ మాటలు మీకు రాస్తున్నాను.

జార్జ్ బట్టలు ఉతుకుతూ, వంటలు చేస్తూ ఒక ఊరి నుండి ఇంకో ఊరికి పోయి చదివాడు. 1879లో కాన్సాస్ రాష్ట్రంలోని ఫోర్ట్ స్కాట్‌లో ఉండగా, ఒక నల్లజాతి మనిషిని గుంపు పట్టుకుని చంపడం కళ్లారా చూశాడు. వెంటనే ఆ ఊరు విడిచి వెళ్లిపోయాడు. ఇది గమనించు అన్నా. నమ్మకత్వము అంటే ప్రాణం మీదికి వచ్చినా కదలకుండా ఉండడం కాదు. అపాయం ఉన్న చోటు విడిచిపోవడం పిరికితనము కాదు.

తర్వాత హైలాండ్ అనే కాలేజీకి ఉత్తరం రాస్తే సీటు ఇచ్చారు. మూట సర్దుకుని పోయాడు. రంగు చూసి, నల్లవాళ్లను చేర్చుకోము అని వెనక్కి పంపేశారు. ఏజెంటు మాట నమ్మి వచ్చి, ఇక్కడ దిగాక వేరే పని చూపించబడిన సహోదరునికి ఆ పూట జార్జ్ గుండె ఎట్లుంటుందో తెలుసు. ఆయన కొన్నేళ్లు చదువు మాటే ఎత్తలేదు. కాన్సాస్ మైదానంలో మట్టిగడ్డలతో చిన్న ఇల్లు కట్టుకుని పొలం చేసుకున్నాడు.

కానీ దేవుడు వదలలేదు. 1890లో అయోవా రాష్ట్రంలోని సింప్సన్ కాలేజీ ఆయనను చేర్చుకుంది. తోటి విద్యార్థుల బట్టలు ఉతికి ఆ డబ్బుతో బ్రతికాడు. బొమ్మలు వేయడంలో మంచి చేయి. ఆయన గీసిన ఒక పూల చిత్రం 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో గౌరవం పొందింది. అయితే బొమ్మలు నేర్పిన ఎట్టా బడ్ అనే టీచరమ్మ, ఆయనకు మొక్కల మీద ఉన్న ప్రేమ చూసి వ్యవసాయ కాలేజీకి పొమ్మని సలహా ఇచ్చింది. 1891లో ఏమ్స్ పట్టణంలోని అయోవా వ్యవసాయ కాలేజీలో చేరాడు. అక్కడ మొదటి నల్లజాతి విద్యార్థి ఆయనే. మొదట్లో అందరితో కూర్చుని భోజనం చేయనివ్వలేదు, కింద వంటవాళ్లతో తినమన్నారు. ఆయన కిందే తిన్నాడు, పైన చదివాడు. 1894లో డిగ్రీ, 1896లో మాస్టర్స్ పూర్తిచేశాడు. ఏ కాలేజీలో పక్కన కూర్చోనివ్వలేదో అదే కాలేజీలో బోధకుడయ్యాడు.

ఇప్పుడు అసలు పరీక్ష వచ్చింది. అయోవాలో మంచి ఉద్యోగం, మంచి ప్రయోగశాల ఉన్నాయి. అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో బుకర్ టి. వాషింగ్టన్ అనే ఆయన నల్లజాతి పిల్లల కోసం బడి నడుపుతున్నాడు. ఆయన కూడా బానిసగా పుట్టినవాడే. రమ్మని ఉత్తరం రాశాడు. 1896లో కార్వర్ పోయాడు. పోయి చూస్తే ప్రయోగశాల లేదు, పరికరాలు లేవు. విద్యార్థులను వెంటబెట్టుకుని చెత్తకుప్పల్లో వెతికి పాత సీసాలు, పగిలిన గిన్నెలు, పాత దీపాలు ఏరుకొచ్చి, కడిగి, వాటితోనే ప్రయోగశాల తయారు చేశాడు.

నిర్గమకాండము 4వ అధ్యాయములో దేవుడు మోషేను, నీ చేతిలో ఏముంది అన్నట్టుగా అడుగుతాడు. మోషే చేతిలో ఉన్నది గొర్రెలు కాసే కర్ర. ఫరో ముందు నిలబడడానికి దేవుడు వేరే ఆయుధం ఇవ్వలేదు, ఆ కర్రనే వాడుకున్నాడు. కార్వర్ చేతిలో ఉన్నది పాత సీసాలు.

అక్కడి నల్ల రైతుల స్థితి చూడు. సొంత భూమి లేదు, కౌలు. విత్తనం, తిండి అన్నీ భూస్వామి అంగట్లో అప్పు. ఏటేటా పత్తి ఒక్కటే వేసి వేసి నేల చచ్చిపోయింది. ఎరువు కొనే శక్తి లేదు. కార్వర్ వాళ్లకు ఖర్చు లేని దారి చూపించాడు. అడవిలో రాలిన ఆకులు, చెరువు మట్టి కుళ్లబెట్టి ఎరువు చేయడం నేర్పాడు. ఒక ఏడు పత్తి, ఒక ఏడు అలసందలో శెనక్కాయలో వేయమన్నాడు. శెనక్కాయ చెట్టు పీకితే వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి కదా, మనం చిన్నప్పుడు చూసినవే. గాలిలో ఉన్న నత్రజనిని పట్టి నేలకు బలం చేర్చేవి అవే. మన తాతలకు అనుభవంతో తెలిసిన సంగతిని ఈయన శాస్త్రంతో చెప్పాడు.

రైతులు బడికి రాలేరు కాబట్టి 1906లో బండినే బడి చేశారు. గుర్రపు బండిలో పనిముట్లు, విత్తనాలు పెట్టుకుని పల్లెపల్లెకు తిరిగే ఆ బండికి, డబ్బు ఇచ్చిన దాత పేరు మీద జెసప్ బండి అని పేరు. చదువు తక్కువ ఉన్నవాళ్లకు అర్థమయ్యే మాటల్లో చిన్న పుస్తకాలు రాశాడు. 1916లో రాసిన పుస్తకంలో శెనక్కాయలు ఎట్లా పండించాలో, వాటితో 105 రకాల వంటలు ఎట్లా చేసుకోవాలో చెప్పాడు.

ఇక్కడ ఒక మాట. పీనట్ బటర్‌ను కనిపెట్టింది ఈయనే అని మన ఫోన్లకు మెసేజీలు వస్తుంటాయి. అది నిజం కాదు, ఆయనకంటే ముందే అది ఉంది. ఆయన చూపించిన వందల ఉపయోగాల్లో వ్యాపారంగా నిలిచినవి కూడా తక్కువే. దేవుని బిడ్డకు అబద్ధపు పొగడ్త అక్కర్లేదు. దరిద్రుడైన రైతు ఇంట్లో తిండి పెంచాడు, ఆయన గొప్పతనానికి ఇది చాలు.

1921 జనవరిలో శెనక్కాయ రైతులు, వ్యాపారుల తరఫున వాషింగ్టన్‌లో పార్లమెంటు కమిటీ ముందు మాట్లాడడానికి వెళ్లాడు. ఇచ్చింది పది నిమిషాలు. ఒక సభ్యుడు నల్లవాళ్లను ఎగతాళి చేయడానికి వాడే పుచ్చకాయ మాట ఎత్తాడు. కార్వర్ తలదించలేదు, నోరు పారేసుకోలేదు. నెమ్మదిగా బదులిచ్చి మళ్లీ తన విషయంలోకి వచ్చాడు. పెట్టెలోంచి ఒక్కొక్కటే తీసి చూపిస్తుంటే వాళ్లే సమయం పెంచి, చివరకు ఎంతసేపైనా చెప్పమన్నారు. చప్పట్లతో సాగనంపారు.

ఆయన లోపము లేని మనిషి కాదు. బుకర్ టి. వాషింగ్టన్‌తో చాలాసార్లు గొడవపడ్డాడు. కోళ్ల ఫారం లెక్కలు సరిగా చూడలేదని మాటలు పడ్డాడు. రాజీనామా చేస్తానని ఎన్నోసార్లు ఉత్తరాలు రాశాడు. వచ్చిన కొత్తలో మిగతావాళ్లు గది పంచుకుంటుంటే తనకు రెండు గదులు కావాలని అడిగితే తోటివాళ్లు మూతి ముడిచారు. మన క్యాంపులో జరిగేవే కదా! అయినా 47 సంవత్సరాలు ఆ చోటు విడవలేదు. తెల్లవారకముందే లేచి అడవిలో నడుస్తూ దేవునితో మాట్లాడేవాడు. ఆదివారం సాయంత్రాలు విద్యార్థులకు బైబిలు క్లాసు పెట్టాడు. కొద్దిమందితో మొదలైన ఆ క్లాసు దాదాపు 30 ఏళ్లు నడిచింది. పాత కోటే వేసుకునేవాడు, కానీ గుండీకి రోజూ ఒక తాజా పువ్వు పెట్టుకునేవాడు. ఇన్ని కనిపెట్టినా పేటెంట్లు తీసుకున్నది మూడే.

1943 జనవరి 5న టస్కీగీలోనే కన్నుమూశాడు. పెళ్లి లేదు, పిల్లలు లేరు. దాచుకున్న దాదాపు 60 వేల డాలర్లు పరిశోధన కోసం అక్కడే ఇచ్చేశాడు. బుకర్ టి. వాషింగ్టన్ సమాధి పక్కనే ఆయనను పాతిపెట్టారు. అదే ఏడాది ఆయన పుట్టిన పొలాన్ని అమెరికా ప్రభుత్వం జాతీయ స్మారకంగా ప్రకటించింది. ఆ దేశంలో ఒక నల్లజాతి మనిషికి అటువంటి గౌరవం అదే మొదటిసారి.

ప్రియ సహోదరుడా, నా మాట తప్పుగా అర్థం చేసుకోవద్దు. జీతం ఎగ్గొట్టినా, పాస్‌పోర్టు లాక్కున్నా నోరు మూసుకుని పని చేయమని నేను చెప్పడం లేదు. మన ఎంబసీ ఉంది, లేబర్ కోర్టు ఉంది, వెళ్లి అడుగు. కార్వర్ కూడా రైతుల కోసం పెద్దల ముందు నిలబడి అడిగాడు. కానీ న్యాయం అడగడం వేరు, ద్వేషాన్ని గుండెలో పెంచుకుని చేతులు ముడుచుకోవడం వేరు. యజమాని చెడ్డవాడని నువ్వు పని నేర్చుకోకపోతే నష్టం యజమానిది కాదు, నీది, ఇంటి దగ్గర నీ పిల్లలది.

కొంచెములో నమ్మకముగా ఉన్నవానిని గూర్చి ప్రభువు చెప్పిన మాట లూకా 16వ అధ్యాయములో ఉంది. ఈ శుక్రవారం సెలవు రోజున ఆ అధ్యాయము చదువు. చదివాక ఒక కాగితం తీసుకుని, ఇప్పుడు నీ చేతిలో ఏముందో రాసుకో. డ్రైవింగ్ కావచ్చు, వంట కావచ్చు, గొర్రెల కాపు కావచ్చు, రోజూ మిగిలే ఒక గంట కావచ్చు. దాన్ని ప్రభువు ముందు పెట్టి ప్రార్థించు. నీ రూమ్‌లో ఎవరినైనా అందరూ నంబరుతోనో వెక్కిరింపు పేరుతోనో పిలుస్తుంటే, ఈ రోజు నుండి నువ్వు వాణ్ణి అమ్మానాన్న పెట్టిన పేరుతో పిలువు. మరియా అమ్మగారు చేసింది అంతే.

ప్రభువు మిమ్మల్నీ, ఊళ్లో ఉన్న మీ కుటుంబాలనూ కాపాడును గాక. ఆమేన్. 🙏

మీకు మేలు కలిగితే మీ క్యాంపులో ఉన్న తమ్ముళ్లకు కూడా పంపండి.