అడవి లెక్క తెలిసిన ఆల్డో లియోపోల్డు

మహాభారతమున ఉద్యోగపర్వములో విదురుడు ధృతరాష్ట్రునకు నీతి బోధించుచు వనమును, పులులను ఉపమానముగా చెప్పెను. పులులు వనమును కాచును, వనము పులులను కాచును, ఒకటి పోయిన రెండవది నిలువదు అని ఆ నీతి సారము. కౌరవపాండవుల కొఱకు చెప్పబడిన ఆ మాట అడవికిని అక్షరాల వర్తించునని, తుపాకి పట్టి, తప్పు చేసి, ఆ తప్పును లోకము ముందు ఒప్పుకొని గ్రహించిన మహనీయుడు అమెరికాదేశమున ఉండెను. అతడే ఆల్డో లియోపోల్డు.

లియోపోల్డు 1887వ సంవత్సరము జనవరి 11వ తేదీన అయోవా రాష్ట్రమున, మిసిసిపీ నదీతీరమునగల బర్లింగ్టను పట్టణమున జన్మించెను. తండ్రి కార్లు వ్రాతబల్లలు చేయించు కార్ఖానా నడపెడివాడు. వేటయందు మిక్కిలి ప్రీతి కలవాడయ్యును, వసంతకాలమున బాతులను కొట్టుట చట్టము నిషేధింపకమునుపే తనంతట తాను మానుకొనెను. కుమారునకు అడవియందు తొలి గురువు అతడే. ఆల్డో యేల్ విశ్వవిద్యాలయమున అటవీశాస్త్రము చదివి, 1909లో పట్టము పొంది, ప్రభుత్వ అటవీశాఖలో చేరి, ఆరిజోనాలోని అపాచీ అడవికి ఉద్యోగియై వెళ్లెను.

ఆ యేటనే అతని జీవితమున మరపురాని సంఘటన జరిగెను. తోడివారితో కొండ అంచున భోజనము చేయుచుండగా, క్రింద నదిని దాటి వచ్చుచున్న ఒక ఆడుతోడేలు, దానిని చుట్టుకొనిన పిల్లలు కనబడెను. అందఱును తుపాకులు పేల్చిరి. దిగి వచ్చి చూడగా, కొనయూపిరితోనున్న ఆ మృగము కన్నులలో ఒక పచ్చని వెలుగు ఆరిపోవుచుండెను. ఒక తోడేలు చచ్చిన ఇన్ని జింకలు మిగులునని ఆనాటివారి లెక్క. ఆ చూపు మాత్రము ఆ లెక్కకు ఒప్పుకొననట్లుండెను. క్రౌంచపక్షి శోకము వాల్మీకి నోట వెంటనే శ్లోకమయ్యెను. లియోపోల్డునకు ముప్పదియైదేండ్లు పట్టెను.

ఈ నడుమకాలపు సంగతి దాచరాదు. 1912లో కార్సన్ అడవికి పై అధికారి యయ్యెను. ఆ యేటనే ఎస్టెల్లాను వివాహమాడెను. 1913లో మూత్రపిండముల వ్యాధి సోకి ఏడాదికి పైగా మంచము పట్టెను. కోలుకొనిన పిమ్మట వేటగాండ్ర సంఘములు స్థాపించి, తోడేళ్లను, కొండసింహములను సమూలముగా తుడిచివేయవలెనని ఊరూర ప్రచారము చేసెను. 1920లో ఒక సభయందు, న్యూమెక్సికోలో చిట్టచివరి మృగము చచ్చువరకు ఈ పని ముగియదని నొక్కి చెప్పెను.

అంతలో కైబాబు పీఠభూమి సమాచారము వచ్చెను. గ్రాండ్ కేన్యన్ లోయకు ఉత్తరముననున్న ఆ ప్రదేశమును 1906లో ప్రభుత్వము జింకల రక్షిత స్థలముగా ప్రకటించి, క్రూరమృగములను చంపించెను. కొండసింహములు వందలుగా, కొయోటీలను నక్కజాతి జంతువులు వేలుగా కూలెను, తోడేళ్లు అడుగంటెను. నాలుగువేలని అంచనా వేసిన జింకలు 1924 నాటికి లక్షయైనవని కొందఱు చెప్పిరి. అవి అందిన చివురునెల్ల మేసి, ముందుకాళ్లెత్తి నిలిచి కొమ్మలను సైతము బోడి చేసెను. మొలచిన మొక్క మ్రానుకాలేదు. పిదప రెండు శీతకాలములలో జింకలు ఆకలిచే గుంపులుగా చచ్చెను.

ఆ సంఖ్యలు ఉజ్జాయింపులేననియు, గొఱ్ఱెలను, పశువులను తగ్గించుటయు జింకలు పెరుగుటకు కారణము కావచ్చుననియు 1970లో కాలీ అను శాస్త్రజ్ఞుడు ఆక్షేపించెను. 2006లో ప్రకటింపబడిన పరిశోధనయందు అక్కడి ఆస్పెన్ వృక్షముల వయస్సులను పరిశీలింపగా, ఆ కాలమున మొలచి బ్రతికిన చెట్లు మిక్కిలి అరుదని తేలెను. అంకెలెట్లున్నను, చెట్ల సాక్ష్యము లియోపోల్డు పక్షముననే నిలిచెను.

1933లో అతడు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున వన్యమృగ సంరక్షణశాస్త్రమునకు ఆచార్యుడయ్యెను. 1935లో జర్మనీకి వెళ్లి చూడగా, అచ్చట వరుసలుగా నాటిన అడవియందు జింకలు మేత పోసిన తిని బ్రతుకుచుండెను. నేలపై పూవు లేదు, పొద లేదు. మరుసటి యేడు మెక్సికోలోని గావిలాన్ నదీప్రాంతమును చూచెను. అచ్చట తోడేళ్లు, కొండసింహములు ఉండెను, జింకలును ఉండెను, పచ్చికయు నిండుగానుండెను. చచ్చిన జింక స్థానమున రెండు మూడేండ్లలో మఱియొకటి పెరుగును. కొండపై పచ్చదనము పోయిన, వాననీటికి మన్ను కొట్టుకొనిపోయి, తరమునకును తిరిగి రాదు. వడ్డీ తిని అసలు కాచువాడు తోడేలనియు, దానిని తొలగించినవాడు అసలునకే మోసము తెచ్చుననియు అతనికి స్పష్టమయ్యెను.

తెలిసిన సత్యమును చెప్పుట సులభము కాలేదు. విస్కాన్సిన్‌లోను జింకలు మితిమీరి అడవిని తినివేయగా, 1943లో ఆడుజింకలను కూడ తగ్గింపవలెనని అతడు వాదించెను. ఆ యేడు 1,20,000కు పైగా జింకలు చంపబడెను. ప్రజలు దానిని ఘోరపాపమనిరి, పత్రికలో నిందించిరి. అతడు మాట మార్చలేదు.

ఇంతలో పూర్వశిష్యుడును చిత్రకారుడునైన హాక్‌బౌము, ఇతరుల తప్పులను వ్రాయు గురువు తన తప్పును కూడ వ్రాయవలెను గదా యని జాబులలో గుర్తుచేసెను. లియోపోల్డు కోపింపక, 1944లో ఆ తోడేలు కథను తన అపరాధముగా వ్రాసెను.

1935లో కొనిన పాడుపడిన పొలమున భార్యతోను, ఐదుగురు బిడ్డలతోను వేలకొలది దేవదారుజాతి మొక్కలు నాటెను. కోళ్లగూడే వారికి విడిదిల్లు. 1948 ఏప్రిల్ 14న అతని వ్యాసగ్రంథమును అచ్చువేయుటకు ఆక్స్‌ఫర్డు ప్రచురణాలయము అంగీకరించెను. వారము గడిచి 21న, పొరుగువాని పొలమున రేగిన మంటను ఆర్పబోయి, గుండె ఆగి, 61వ యేట పరమపదించెను. సాండ్ కౌంటీ ఆల్మనాక్ అను ఆ గ్రంథము 1949లో వెలువడెను.

పూర్వము తోడేళ్లను రూపుమాపిన ఎల్లోస్టోన్ వనమునకు 1995, 1996 సంవత్సరములలో కెనడానుండి 31 తోడేళ్లను తెచ్చి విడిచిరి. పిదప కొన్ని తావుల విల్లో, ఆస్పెన్ మొక్కలు తలయెత్తెను. అందు తోడేళ్ల పాలెంత యని పండితులు నేటికిని తర్కించుచున్నారు. 1998లో పదునొకండు మెక్సికో తోడేళ్లను విడిచినది ఏ అడవియందో చదువరులు ఊహింపగలరు. అది లియోపోల్డు తుపాకి పేల్చిన అపాచీ అడవియే.

గ్రామపు లెక్కలు వ్రాయుచు తల నెరసినవాడను. లెక్కలో తప్పు దొరలినచో పుటను చింపరాదు; తప్పిన అంకె కనబడునట్లే కొట్టివేసి, ప్రక్కన సరియైనది వేసి, చేవ్రాలు చేయవలెను. లియోపోల్డు చేసినది అదియే. ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయమున ఇట్టివారి చరిత్రములు చదివి, మన పిల్లలు విద్యతోపాటు తప్పు దిద్దుకొను ధైర్యమును కూడ అలవరచుకొందురుగాక.