ఎలిహు యేల్: చెన్నపట్నం సంపద, న్యూ హేవెన్ కీర్తి

అమెరికా ఈశాన్య తీరంలో కనెక్టికట్ అనే చిన్న రాష్ట్రం ఉంది. ఆ రాష్ట్రంలో సముద్రపు ఒడ్డున న్యూ హేవెన్ పట్టణం. అక్కడి యేల్ విశ్వవిద్యాలయం పేరు వినని విద్యావంతులు లోకంలో అరుదు. మా సాయంకాలపు తెలుగు తరగతికి వచ్చే పిల్లలు సైతం ఆ పేరు ఎరుగుదురు. చదువులో రాణించిన బిడ్డకు అటువంటి చోట ప్రవేశం దొరకాలని తల్లిదండ్రులు కోరుకోవడం సహజమే. కాని అది ఒక మనిషి పేరనీ, ఆ మనిషి మన పూర్వులలో ఎందరో నేటాలుకు ఓడ ఎక్కిన చెన్నపట్నంలోనే ఇరవై ఏడేళ్ళు గడిపాడనీ మనలో కొద్దిమందికే తెలుసు. ఈ ఉత్సవ సంచిక చదివే మన దక్షిణాఫ్రికా తెలుగు కుటుంబాల కోసం ఆయన జీవితాన్ని క్లుప్తంగా మనవి చేస్తున్నాము.

ముందుగా రెండు ఊళ్ళ పుట్టుక చెప్పుకోవాలి.

1638లో థియోఫిలస్ ఈటన్ అనే లండను వర్తకుడు, జాన్ డావెన్‌పోర్ట్ అనే మతగురువు తమ అనుచరులతో క్విన్నిపియాక్ అనే తెగవారి సీమకు వచ్చి స్థిరపడ్డారు. వీరు ప్యూరిటన్లు. బైబిలు చెప్పినట్టే ఊరూ, చట్టమూ నడవాలన్న పట్టుదల గలవారు. ఆ సంవత్సరం నవంబరులో మొమౌగిన్ అనే క్విన్నిపియాక్ నాయకుడితో ఒప్పందం కుదిరింది. పన్నెండు అంగీలు, పన్నెండు గొడ్డళ్ళు, పన్నెండు పారలు, కొన్ని కత్తులు, కత్తెరలు, గిన్నెలు, చెంచాలు ఇచ్చి ఆ నేలను తీసుకున్నారు. నేల అసలు యజమానులకు రేవుకు తూర్పున సుమారు 1200 ఎకరాలు మాత్రం విడిచిపెట్టారు. అలా వెలసిన ఊరే న్యూ హేవెన్. అది మొదట స్వతంత్రమైన వలస రాజ్యంగా ఉండి, 1665 నాటికి కనెక్టికట్‌లో కలిసిపోయింది.

సరిగ్గా ఆ మరుసటి సంవత్సరం, 1639లో, భూగోళానికి ఇవతలి వైపు మన తెలుగు నాయకుడు దామర్ల వెంకటాద్రి కోరమాండల్ తీరంలో ఒక ఇసుక నేలను ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు. వారు అక్కడ కట్టుకున్నదే సెయింట్ జార్జి కోట. కోట పక్కన పెరిగిన ఊరికి వెంకటాద్రి తండ్రి చెన్నప్ప నాయకుని పేరు మీద చెన్నపట్నమని పేరు వచ్చింది. అక్కడి వర్తకులలో పేరుమోసినవారు కొందరు తెలుగువారు. ఇంగ్లీషువారు వారిని జెంటూలు అనేవారు. తరువాత ఆ ప్రాంతం గోల్కొండ సుల్తానుల ఏలుబడిలోకి వచ్చింది. కంపెనీవారు 1672 నుంచి ఏటా 1200 వరహాలు గోల్కొండకు చెల్లిస్తూ కోటలో వ్యాపారం సాగించారు.

ఈ రెండు ఊళ్ళనూ కలిపిన దారమే ఎలిహు యేల్ జీవితం.

ఎలిహు నాయనమ్మ యాన్. ఆమె మొదటి భర్త యేల్ చనిపోయాక థియోఫిలస్ ఈటన్‌ను పెళ్ళాడి, పిల్లలతో సహా న్యూ హేవెన్ చేరింది. ఈటన్ ఆ ఊరికి గవర్నరు. అయినా ఆ ఇంట శాంతి లేదు. పసిబిడ్డలకు జ్ఞానస్నానం చేయించడం సరికాదని యాన్ నమ్మింది. ఊరి పెద్దలు ఆమెను విచారించి 1645లో చర్చి నుంచి వెలివేశారు. గవర్నరు భార్య అయినా వెలి తప్పలేదు. ఆమె కుమారుడు డేవిడ్ యేల్ బోస్టనుకు మకాం మార్చాడు. అక్కడా మతపెద్దల కట్టుబాట్లు ఆయనకు గిట్టలేదు. తమ చర్చిలో సభ్యులు కానివారికి కూడా పౌరహక్కులు ఉండాలని 1646లో బోస్టన్ ప్రభుత్వానికి అర్జీ పెట్టిన ఏడుగురిలో ఆయన ఒకడు. అర్జీదారులకు దక్కింది జరిమానాలే.

ఆ డేవిడ్‌కు 1649 ఏప్రిల్ 5న బోస్టనులో ఎలిహు పుట్టాడు. 1652లో కుటుంబమంతా ఇంగ్లండుకు తిరిగి వెళ్ళిపోయింది. అప్పటికి బాలుడికి మూడేళ్ళు. ఆ తరువాత ఎలిహు యేల్ మరెన్నడూ అమెరికా గడ్డ మీద కాలు పెట్టలేదు. తన పేరు పెట్టుకున్న కళాశాలను ఆయన కంటితో చూడలేదు.

1672లో, ఇరవై మూడేళ్ళ వయసులో, ఎలిహు కంపెనీ గుమాస్తాగా చెన్నపట్నం చేరాడు. ఆ రోజుల్లో అక్కడ కట్టిన రేవు లేదు. ఓడలు దూరాన లంగరు వేసేవి. మనుషులను, సరుకులను మసూలా పడవల మీద అలలు దాటించి ఒడ్డుకు చేర్చేవారు. గుమాస్తా జీతం ఏడాదికి పది పౌన్లు. అది తిండికి కూడా చాలదు. అయితే ఆసియా తీరాలలో సొంత వ్యాపారం చేసుకోవడానికి కంపెనీ తన ఉద్యోగులకు అనుమతి ఇచ్చేది. అసలు రాబడి అందులోనే ఉంది.

ఆ వ్యాపారం దేనితో నడిచింది? ముఖ్యంగా రెండింటితో. ఒకటి తీరపు గ్రామాలలో నేతగాళ్ళు నేసిన బట్ట. వర్తకులు ముందుగా బయానా ఇచ్చేవారు. నేతగాడు ఆ అప్పు కింద మగ్గం నడిపేవాడు. పంట పోయి బియ్యం ధర పెరిగితే అప్పు కూడా పెరిగేది. రెండవది గోల్కొండ రాజ్యపు వజ్రాలు. కృష్ణానది ఒడ్డున కొల్లూరు వంటి గనులలో కూలీలు తవ్వి తీసిన రాళ్ళు చేతులు మారుతూ చెన్నపట్నం చేరేవి. యేల్ ఈ వజ్రాల వ్యాపారంలో బాగా ఆరితేరాడు.

1680 అక్టోబరులో కోటలో సెయింట్ మేరీ చర్చి ప్రారంభమైంది. వారం తిరగగానే, నవంబరు 4న, అందులో జరిగిన మొదటి పెళ్ళి యేల్‌దే. పెళ్ళికూతురు క్యాథరిన్, కోటలోని పెద్ద ఉద్యోగి హిన్‌మర్స్ విధవ. ఆమె వెంట మొదటి భర్త ఆస్తి కూడా వచ్చింది. వారికి ముగ్గురు ఆడపిల్లలు, ఒక కొడుకు. తాత పేరు పెట్టుకున్న ఆ కొడుకు డేవిడ్ నాలుగేళ్ళకే 1688లో మరణించాడు. అతణ్ణి అక్కడి ఇంగ్లీషువారి శ్మశానంలో హిన్‌మర్స్ పక్కనే పాతిపెట్టారు. మరుసటి ఏడాది క్యాథరిన్ పిల్లలను తీసుకొని ఇంగ్లండు వెళ్ళిపోయింది.

యేల్ 1687 జూలైలో గవర్నరు అయ్యాడు. అది ఘోరమైన కాలం. వానలు లేవు. ఒక పక్క ఔరంగజేబు సేనలు గోల్కొండను ముట్టడించాయి. ఆ సంవత్సరం సెప్టెంబరులో గోల్కొండ పడిపోయింది. కరవూ యుద్ధమూ కలిసి పల్లెలను ఖాళీ చేశాయి. ఆకలికి తాళలేక కొందరు తమను తామే అమ్ముకున్నారు, కొందరు బిడ్డలను అమ్ముకున్నారు. ఆ బానిసల బేరాన్ని కోటవారు ఆపలేదు సరికదా, అందులో తామూ చేయి కలిపారు. అట్లాంటిక్ సముద్రంలోని సెయింట్ హెలీనా ద్వీపంలో కంపెనీకి తోటలున్నాయి. వాటికి కూలీలు కావాలి. యూరపు వెళ్ళే ప్రతి ఓడ మీద కనీసం పదిమంది బానిసలను ఎక్కించాలని కోటలోని ఆలోచన సభ తీర్మానించింది. ఆ సభలో యేల్ సభ్యుడు. గవర్నరు అయిన తరువాత ఆ ఆజ్ఞ అమలు ఆయన చేతికే వచ్చింది. 1687లో ఒక్క నెలలోనే చెన్నపట్నం నుంచి కనీసం 665 మందిని ఓడలెక్కించారు. మరుసటి ఏడాది మొగలు అధికారులు అభ్యంతరం చెప్పిన మీదట సభవారు ఈ వ్యాపారాన్ని నిషేధించారు. నిషేధం వచ్చేనాటికి ఆ వందలమంది సముద్రం దాటిపోయారు.

ఇక్కడ మన చదువరులు ఒక్క క్షణం ఆగవలసి ఉంది. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అది మొదలు 1911 దాకా మన తాతలు, ముత్తాతలు ఒప్పంద కూలీలుగా ఈ దేశానికి వచ్చారు. వారికి కష్టాలు తక్కువేమీ కావు. అయినా ఓడ జాబితాలో ప్రతి ఒక్కరికీ ఒక నంబరు, ఒక పేరు, తండ్రి పేరు, ఊరి పేరు ఉన్నాయి. వాటిని పట్టుకొనే మన కుటుంబాలు తమ గ్రామాలను వెతుక్కుంటున్నాయి. వారికి రెండు వందల ఏళ్ళ ముందు అదే ఒడ్డున ఓడ ఎక్కిన ఆ 665 మంది లెక్కలో అంకెగానే మిగిలారు. వారిలో మన భాష మాట్లాడినవారు ఉండకపోరు.

యేల్ పాలనలో జరిగిన ఇతర సంగతులు కూడా చెప్పడం న్యాయం. 1688 సెప్టెంబరు 29న మద్రాసు నగరసభ ఏర్పడింది. సభ్యులలో చిన వెంకటాద్రి, ముద్దు వీరన్న వంటి స్థానిక వర్తకులకు కూడా స్థానం దొరికింది. మొదటి మేయరు నథానియేల్ హిగ్గిన్సన్. చిత్రమేమంటే ఆయన పుట్టింది న్యూ హేవెన్ వలసలోని గిల్‌ఫర్డ్ గ్రామంలో. యేల్ తరువాత కోట గవర్నరు కూడా ఆయనే. అంటే బోస్టన్ బిడ్డ ఒకరు, గిల్‌ఫర్డ్ బిడ్డ ఒకరు వరుసగా చెన్నపట్నాన్ని ఏలారన్నమాట. 1690లో యేల్ కడలూరు దగ్గర ఒక కోటను మరాఠాల నుంచి కంపెనీకి కొన్నాడు. దానికి సెయింట్ డేవిడ్ కోట అని పేరు.

కాని సొంత వ్యాపారానికి కంపెనీ అధికారాన్ని వాడుకున్నాడని సాటి సభ్యులు ఫిర్యాదు చేశారు. 1692లో కంపెనీ ఆయనను పదవి నుంచి తొలగించింది. వ్యాజ్యాలు తెమిలి ఇంటికి బయలుదేరేసరికి 1699 వచ్చింది. పదవి పోయినా ధనం పోలేదు. లండనులో గొప్ప ఇల్లు, వేల్స్‌లో రెక్స్‌హామ్ దగ్గర పూర్వీకుల భవనం, గదుల నిండా చిత్రపటాలు, నగలు, వస్తువులు. 1717లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యుడిగా చేర్చుకుంది.

ఇక న్యూ హేవెన్ కథకు వద్దాము. కనెక్టికట్ మతగురువులు 1701లో ఒక చిన్న కళాశాల పెట్టారు. అది ఊరూరా తిరిగి 1716లో న్యూ హేవెన్‌లో స్థిరపడింది. కొత్త భవనం సగంలో ఉంది, చేతిలో డబ్బు లేదు. బోస్టన్ మతగురువు కాటన్ మేథర్ 1718 జనవరిలో యేల్‌కు ఉత్తరం రాశాడు. కొద్దిపాటి సాయం చేస్తే కళాశాలకు ఆయన పేరు పెట్టవచ్చుననీ, కొడుకు లేని మనిషికి అది వంశంకన్నా శాశ్వతంగా నిలుస్తుందనీ ఆ ఉత్తరంలోని సూచన. లండనులో కనెక్టికట్ ప్రతినిధి జెరెమయా డమ్మర్ కూడా ఆయనను ప్రోత్సహించాడు.

యేల్ తొమ్మిది మూటల సరుకు, 417 పుస్తకాలు, మొదటి జార్జి రాజు చిత్రపటం పంపాడు. మూటలలో మస్లిన్, క్యాలికో వంటి బట్టలున్నాయి. వాటిని అమ్మితే సుమారు 562 పౌన్లు వచ్చాయి. 1718 సెప్టెంబరులో పట్టా ప్రదానోత్సవం నాడు భవనానికి యేల్ కాలేజీ అని పేరు పెట్టారు. అదే చివరకు సంస్థ అంతటికీ పేరైంది. డమ్మర్ 1714లోనే ఇంగ్లండులో ఇల్లిల్లూ తిరిగి సుమారు 800 పుస్తకాలు పోగుచేసి పంపాడు. వాటిలో న్యూటన్ స్వయంగా ఇచ్చినవి కూడా ఉన్నాయి. అయినా ఆయన పేరు ఆ కళాశాలకు దక్కలేదు.

యేల్ 1721 జూలై 8న మరణించాడు. రెక్స్‌హామ్ చర్చి ఆవరణలో సమాధి చేశారు. కళాశాలకు మరో 500 పౌన్లు ఇవ్వాలని వీలునామా రాయించాడు గాని, దాని మీద సంతకం చేయలేదు. అందుచేత ఆ సొమ్ము న్యూ హేవెన్ చేరలేదు. ఆయన వస్తువులు వేలకొద్దీ వేలంలో అమ్ముడుపోయాయి.

చివరి రోజుల నాటి చిత్రపటం ఒకటి యేల్ విశ్వవిద్యాలయపు చిత్రశాలలో ఉంది. సుమారు 1719లో గీసినది. యేల్, ఆయన బంధువులు మేజా చుట్టూ కూర్చొని ఉంటారు. పక్కన నిలబడి మధుపాత్ర అందించే నల్లజాతి బాలుడి మెడకు వెండి పట్టెడ, దానికి తాళం. 2020లో ఆ పటాన్ని గోడ నుంచి దించి, ఆ బాలుడి గురించి పరిశోధన చేయించి, 2022లో మళ్ళీ ఆ వివరాలతో తగిలించారు. 2024 ఫిబ్రవరిలో విశ్వవిద్యాలయం బానిసత్వంతో తనకున్న పాత సంబంధానికి బహిరంగంగా క్షమాపణ చెప్పింది.

పిల్లలు ఆ విశ్వవిద్యాలయాన్ని ద్వేషించాలని మా ఉద్దేశం కాదు. విద్య ఎక్కడున్నా నేర్చుకోవలసిందే. అక్కడ చదివి లోకానికి మేలు చేసినవారు ఎందరో ఉన్నారు. మేము కోరేది ఒక్కటే. మన ఇంటి బిడ్డ ఒకనాడు ఆ ద్వారం దాటి లోపలికి వెళ్తే, గోడ మీది పేరు చదివి పరాయి చోటికి వచ్చానని బిడియపడకూడదు. ఆ పేరు వెనుక ఉన్న ధనంలో మగ్గం మీద నేసిన చేతులకు, గనిలో రాయి తవ్విన చేతులకు, పేరైనా మిగలకుండా సెయింట్ హెలీనాకు పోయినవారికి భాగం ఉన్నదని తెలిసి నడవాలి. పెద్దలు ఈ కథను ఇంట్లో పిల్లలకు చెప్పాలి. ఇంట్లో భద్రపరచిన తాతల ఓడ కాగితాలు ఉంటే వాటిని కూడా తీసి, ఆ పేర్లను పిల్లల చేత తెలుగులో రాయించాలి.