వేగంలో బలాన్ని కనుగొన్న గాట్లీబ్ డైమ్లర్

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే రహదారి మీద మోటారు సైకిళ్ల రొద ఎడతెగక వినిపిస్తుంది. వాటిలో అనేకం సిలిండరు కొలత 100 ఘన సెంటీమీటర్లు మాత్రమే; అంటే చిన్న గ్లాసెడు చోటు. అయినా అట్టి ఇంజను సుమారు 8 అశ్వశక్తుల సామర్థ్యాన్ని ఇచ్చి, ఇద్దరు మనుషులను సునాయాసంగా మోసుకుపోతుంది. ఒకప్పుడు బావుల గట్ల మీద నీరు తోడిన ఆయిలింజను ఇచ్చిన సామర్థ్యం కూడా ఇంచుమించు ఇంతే. కాని దానిని కదిలించాలంటే నలుగురు మనుషులు చాలేవారు కారు. గ్లాసెడు చోటులో ఇంత బలం ఎట్లా ఇమిడింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడంలోనే తన జీవితాన్ని ధారపోసినవాడు గాట్లీబ్ డైమ్లర్.

ఆయన 1834 మార్చి 17న జర్మనీలోని షోర్న్‌డార్ఫ్ పట్టణంలో ఒక రొట్టెల వ్యాపారి ఇంట జన్మించాడు. బాల్యంలో తుపాకులు చేసే పని నేర్చాడు. తరువాత స్టుట్‌గార్ట్‌లో యంత్రశాస్త్రం చదివి, ఇంగ్లండు వెళ్లి అక్కడి కర్మాగారాలలో పని చేశాడు. స్వదేశానికి తిరిగి వచ్చిన పిమ్మట రాయిట్లింగెన్‌లోని ఒక ధర్మసంస్థ కర్మశాలలో విల్హెల్మ్ మేబాక్ అనే అనాథ యువకుని ప్రతిభను గుర్తించాడు. నాటి నుంచి వారి స్నేహం జీవితాంతం నిలిచింది. డైమ్లర్ పేరు చెప్పుకున్న ప్రతిచోటా మేబాక్ పేరు చెప్పుకోవడం న్యాయం.

1872లో డైమ్లర్ కొలోన్ సమీపాన ఉన్న డాయిట్జ్ కర్మాగారంలో సాంకేతిక నిర్వాహకుడయ్యాడు. అక్కడనే 1876లో నికొలాస్ ఒట్టో నాలుగు ఘాతాల ఇంజనును నిర్మించాడు. వాయువును పీల్చుకోవడం, అదమడం, మండించడం, పొగను వెళ్లగొట్టడం అనే నాలుగు పనులకు ఇరుసు రెండు చుట్లు తిరగాలి. అంటే రెండు చుట్లకు ఒక్కసారి మాత్రమే పేలుడు జరిగి, పిస్టను మీద బలమైన దెబ్బ పడుతుంది. ఒట్టో ఇంజను నిమిషానికి సుమారు 180 చుట్లు తిరిగేది. కనుక నిమిషానికి 90 దెబ్బలు. బలం పెరగాలంటే సిలిండరును పెద్దది చేయాలి. అప్పుడు యంత్రమూ బరువెక్కి, కర్మాగారపు నేలకు అతుక్కుపోతుంది.

డైమ్లర్ ఆలోచన వేరు. ఆళ్లగడ్డ శిల్పుల పనితీరు చూచినవారికి అది సులభంగా బోధపడుతుంది. సమ్మెటతో ఒక పెద్ద దెబ్బ వేసే వ్యవధిలో చిన్న సుత్తితో ఉలి మీద అయిదారు దెబ్బలు వేయవచ్చు. ఒక్కొక్క దెబ్బ చిన్నదే. కాని నిమిషం మొత్తం మీద జరిగిన పని తక్కువ కాదు. సామర్థ్యమంటే దెబ్బ బలమొక్కటే కాదు, ఆ బలాన్ని దెబ్బల సంఖ్యతో గుణించగా వచ్చే ఫలం. దెబ్బను పెంచలేనప్పుడు సంఖ్యను పెంచాలి.

ఈ విషయంలో ఒట్టోకూ ఆయనకూ పొసగలేదు. 1882లో, 48 ఏళ్ల వయసున, గుండె జబ్బుతో బాధపడుతూ, భార్యాబిడ్డల భారం ఉండగానే డైమ్లర్ ఆ గొప్ప ఉద్యోగాన్ని విడిచి కాన్‌స్టాట్‌కు వచ్చాడు. మేబాక్ ఆయనను అనుసరించాడు. తోటలోని గాజుటింటిని పెంచి వారు కర్మశాలగా చేసుకున్నారు. రాత్రింబవళ్లు వినవచ్చే సుత్తి మోతలకు అనుమానించిన తోటమాలి, అక్కడ దొంగనాణేలు ముద్రిస్తున్నారని పోలీసులకు చెప్పాడని, సోదా చేసిన వారికి ఇంజనులు మాత్రమే దొరికాయని ప్రతీతి.

వారికి అడ్డువచ్చిన సమస్య నిప్పు. ఒట్టో ఇంజనులో జారుడు కవాటం తెరుచుకొని బయటి మంటను లోనికి అందించేది. వేగం హెచ్చితే అది అందుకోలేకపోయేది. వారు దానిని తొలగించి, బయటి దీపంతో నిరంతరం ఎర్రగా కాలుతుండే సన్నని గొట్టాన్ని సిలిండరుకు అమర్చారు. అదిమిన వాయువు గొట్టంలోనికి చొరబడగానే అంటుకునేది. 1883 డిసెంబరులో దీనికి పేటెంటు లభించింది. ఇంజను వేగం నిమిషానికి 600 చుట్లకు చేరింది. అంటే 90 దెబ్బలకు బదులు 300.

1885లో 264 ఘన సెంటీమీటర్ల ఇంజనును చట్రానికి బిగించి, అర అశ్వశక్తి గల ద్విచక్ర వాహనాన్ని తయారు చేశారు. నవంబరు 10న ఆయన కుమారుడు దానిపై కాన్‌స్టాట్ నుంచి ఉంటర్‌టుర్క్‌హైమ్ దాకా ప్రయాణించాడు. 1886లో అట్టి ఇంజనే గుర్రపు బండికీ పడవకూ అమరింది. 1888లో ఒక బెలూనును కూడా నడిపింది.

వేగానికి హద్దు లేకపోలేదు. పిస్టను ప్రతి ఘాతం చివరా ఆగి వెనుదిరగాలి. వేగం రెట్టింపైతే ఆ భాగాల మీద పడే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. రాపిడి పెరుగుతుంది, గాలి నిండే వ్యవధి తగ్గుతుంది. అందుచేతనే పొట్టి ఘాతం, తేలిక పిస్టను గల చిన్న ఇంజనులే అతివేగాన్ని భరించగలవు. నేటి 100 ఘన సెంటీమీటర్ల ఇంజను నిమిషానికి 8,000 చుట్ల దగ్గర తన పూర్తి సామర్థ్యాన్ని ఇస్తుంది. చిన్న దెబ్బకు తిప్పే బలం తక్కువ గనుక గేర్లు ఆ వేగాన్ని కొంత తగ్గించి, చక్రానికి బలంగా మారుస్తాయి. దిగువ అహోబిలం నుంచి ఎగువకు ఎక్కేవారు గేరు తగ్గించగానే ఇంజను రొద హెచ్చడానికి కారణమిదే.

1890లో డైమ్లర్ పేరిట సంస్థ ఏర్పడింది. కాని పెట్టుబడిదారులు మళ్లీ స్థిరయంత్రాల వైపే మొగ్గారు. మొదట మేబాక్, తరువాత డైమ్లర్ తమ సంస్థకే దూరమయ్యారు. ఆంగ్ల వ్యాపారి ఫ్రెడరిక్ సిమ్స్ పట్టుబట్టగా 1895లో ఇద్దరూ తిరిగి వచ్చారు. 1900 మార్చి 6న డైమ్లర్ కన్నుమూశాడు.

పెద్ద యంత్రమే బలమైనదని లోకం నమ్మిన రోజులలో ఆయన చిన్నదానిని నమ్మి, అందుకోసం రెండు మార్లు పదవి పోగొట్టుకున్నాడు. నంద్యాల వీధులలో పాఠశాలకు బయలుదేరే ఉపాధ్యాయుని వాహనం కింద నేడు ఆ నమ్మకమే తిరుగుతున్నది.