పాల్వంచ తహసీలుదారు గోపన్న

నేలకొండపల్లివాడైన కంచెర్ల గోపన్నను భక్త రామదాసుగా ఎరుగనివారు మన జిల్లాలో లేరు. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా (1672–1687) కాలమున ఆయన పాల్వంచ తహసీలుదారు. సర్కారు శిస్తు సొమ్మును భద్రాచల ఆలయ నిర్మాణమునకు వినియోగించి చెరసాల పాలైనాడు, పన్నెండేండ్లని ప్రతీతి.

ఉన్నత పాఠశాల ముగించి మా తరగతికి వచ్చు విద్యార్థులలో కొందరు దీనిని రెండు మతముల కలహముగా నేర్చి వచ్చుచున్నారు. మేమును చిన్ననాట ఆ పాఠమప్పుడు తలవంచుకొని కూర్చున్నవారమే. ఖజానా లెక్కకు మతమేమి? ఆ సుల్తాను మంత్రి మాదన్నయు, ఆయన సోదరుడు అక్కన్నయు బ్రాహ్మణులు. గోపన్నకు మేనమామలని చెప్పుదురు.

గోపన్న విడుదలయ్యెను. తానీషాకు ఆ భాగ్యము లేదు. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలువగా, దౌలతాబాదు కోటలో బందీగానే కన్నుమూసెను. శ్రీరామనవమికి ప్రభుత్వము ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము ఆయన నాటిదేనని భద్రాచలములో నేటికిని చెప్పుకొందురు.