హోమీ భాభా

హోమీ జహంగీరు భాభా 1909వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీన బొంబాయిలో నొక పార్సీ కుటుంబమున జన్మించెను. అణుశక్తి విషయమున ఆయన పేరు మన విద్యార్థులు వినియేయుందురు. మేమిచ్చట ఆయన తొలి పరిశోధనలను, వానికి మన సీమతో గల సంబంధమును చెప్పెదము.

కుమారుడు ఇంజనీరు కావలెనని తండ్రి కోరిక. 1927లో భాభా కేంబ్రిడ్జికి పోయెను. కాని మనసు భౌతికశాస్త్రముపై నిలిచెను. మొదట ఇంజనీరింగు పరీక్షలో ప్రథమశ్రేణి పొందినచో తరువాత తన యిచ్చవచ్చినది చదువవచ్చునని తండ్రి యొప్పుకొనెను. ఆయన యట్లే చేసెను.

అంతరిక్షమునుండి విశ్వకిరణములు భూమిపై నెల్లప్పుడు పడుచుండును. వానిలోని మహావేగముగల కణములు గాలిలోని నత్రజని, ఆమ్లజని కేంద్రకములను ఢీకొనినపుడు క్రొత్త కణములు పుట్టును. పగిలిన కుండనుండి పెంకులు రాలినట్లు ఇవి కేంద్రకమునుండి రాలినవి కావు. తాకిడిలోని శక్తియే ద్రవ్యమై ఈ రూపమెత్తును. అట్టివానిలో కొన్నిటికి మెసానులను పేరు 1939లో భాభా సూచించినదే. అంతకుముందే, 1937లో, ఆయన హైట్లరను శాస్త్రజ్ఞునితో కలిసి, ఎలక్ట్రాను కేంద్రకము చెంత గామాకిరణమును వెలువరించుననియు, ఆ కిరణము మఱల ఎలక్ట్రాను పాజిట్రానుల జంటయగుననియు, ఇట్లు ఒకటి పలువై జల్లుగా కురియుననియు లెక్కగట్టి చూపెను.

1939లో సెలవులకు వచ్చిన భాభాను యుద్ధము ఇచ్చటనే నిలిపివేసెను. బెంగుళూరున పనిచేసి, స్వదేశముననే యుండ నిశ్చయించి, 1945లో టాటా పరిశోధన సంస్థను స్థాపించెను. విదేశములలోని యంత్రములు మనకు లేవు. కాని మన దక్షిణదేశము భూమి యొక్క అయస్కాంత మధ్యరేఖకు చేరువనున్నది. అచ్చట భూమి అయస్కాంతశక్తి జల్లెడవలె బలహీన కణములను మరలించి, మిక్కిలి శక్తిగలవానినే రానిచ్చును. కావుననే ఆ సంస్థవారు పరికరములను బెలూనులకు కట్టి పైకి పంపిరి. 1969లో మన చిట్యాలకు చేరువనున్న హైదరాబాదున దానికొక స్థిరమైన కేంద్ర మేర్పడెను. పారాచూటుతో దిగు ఆ పెట్టెలు నల్లగొండ మొదలగు జిల్లాలలో పడుటయు కలదు. అట్టిది కనబడినచో ముట్టక, పోలీసువారికి తెలుపవలెను; తెఱచినచో ఎందఱి శ్రమయో వ్యర్థమగును.

ఆ కేంద్రమును చూచు భాగ్యము భాభాకు లేకపోయెను. 1966 జనవరి 24వ తేదీన జినీవాలో దిగవలసిన విమానము మాంట్ బ్లాంక్ పర్వతమున కూలి, 56వ యేట ఆయన మరణించెను. ఆ జినీవా చెంతనే 2010 మొదలు సీసపు కేంద్రకములను ఢీకొట్టించి, ఒక్క తాకిడిలో వేలకొలది కణములు పుట్టుట శాస్త్రజ్ఞులు చూచిరి. లేనిదానికి వగవక, ఉన్న చోటనే యున్న మేలును కనుగొనుట భాభా జీవితము మనకు నేర్పు పాఠము.