నలభై ఏడేళ్ల బండి, అరవై ఎనిమిదేళ్ల మనిషి

మోటారు సైకిల్ అంటే ఇష్టం లేని కుర్రాడు మన హాస్టల్లో ఎవరూ ఉండరు. ట్రంకు పెట్టె మూత లోపల బైకు బొమ్మ అంటించుకున్న వాళ్లను ప్రతి బ్యాచ్‌లోనూ చూశాం. ఆ బొమ్మల్లోని బండ్లన్నీ షోరూమ్‌లోంచి అప్పుడే దిగినవి. ఈ వార్షికోత్సవ సంచికలో మేము పరిచయం చేస్తున్న వ్యక్తి మాత్రం యాభై ఏళ్లకు పైగా ఒకే ఒక పాత బండిని నమ్ముకున్నారు. దాని మీదే ప్రపంచ రికార్డు సాధించారు. ఆయన పేరు బర్ట్ మన్రో. దేశం న్యూజిలాండ్.

మన్రో 1899 మార్చి 25న న్యూజిలాండ్ దక్షిణపు కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్ పట్టణంలో పుట్టారు. కవల పిల్లల్లో ఒకరు. కవల చెల్లెలు పుట్టగానే చనిపోయింది. ఈ బాబు కూడా రెండేళ్లకు మించి బతకడని డాక్టర్లు తల్లిదండ్రులకు చెప్పారట. ఆ బాబు డెబ్బై ఎనిమిదేళ్లు బతికారు. తండ్రిది ఈడెన్‌డేల్ అనే ఊరి దగ్గర వ్యవసాయం. పొలంలో ఉన్న గుర్రాల్లో బాగా పరుగెత్తేదాన్ని చూసి దాని మీద స్వారీ చేయడం చిన్నప్పుడే ఆయనకు అలవాటు. వేగం మీద మోజు అక్కడే మొదలైంది. యువకుడిగా ఉన్నప్పుడు కొంతకాలం ఒటిరా రైల్వే సొరంగం తవ్వకంలో పనిచేశారు. ఆ తర్వాత తండ్రి పిలిస్తే మళ్లీ పొలం పనికి వచ్చారు.

ఆయన అసలు పేరు హెర్బర్ట్ జేమ్స్ మన్రో. అందరూ బెర్ట్ అని పిలిచేవారు. 1957లో ఒక అమెరికా పత్రిక ఆ పేరును బర్ట్ అని తప్పుగా అచ్చు వేసింది. మన సర్టిఫికెట్లలో పేరు తప్పు పడితే దిద్దించుకోవడానికి ఎన్ని ఆఫీసులు తిరగాలో మనకు తెలుసు. ఆయన మాత్రం ఆ తప్పునే తన పేరుగా ఉంచేసుకున్నారు.

1920లో మన్రో ఇండియన్ స్కౌట్ అనే బండి కొన్నారు. పేరు చూసి ఇది మన దేశంలో తయారైందని అనుకోకూడదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న కంపెనీ ఇది. ఆ ఖండపు ఆదివాసులను అక్కడివాళ్లు ఇండియన్లు అనేవారు, ఆ పేరే కంపెనీకి పెట్టుకున్నారు. స్కౌట్ ఇంజన్ 600 సి.సి. గరిష్ఠ వేగం గంటకు 55 మైళ్లు, అంటే దాదాపు 89 కిలోమీటర్లు. ఆ రోజుల్లో అది మంచి వేగమే. మన్రోకు మాత్రం చాలలేదు. 1926 నుంచి ఆ బండిని విప్పి మార్చడం మొదలుపెట్టారు. ఇక ఆ పని ఆయన ముసలివారయ్యేదాకా ఆగలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆయన దగ్గర డబ్బు లేదు. ఇంజనీరింగ్ డిగ్రీ లేదు. మోటారు సైకిళ్లు అమ్మే సేల్స్‌మన్‌గా, మెకానిక్‌గా పనిచేస్తూ పొట్టపోసుకున్నారు. పగలు ఉద్యోగం, రాత్రి బండి. కావలసిన భాగాలు కొనే స్తోమత లేదు కాబట్టి తానే తయారు చేసుకున్నారు. పాత లోహాన్ని కరిగించి రేకు డబ్బాల్లో పోతపోసి పిస్టన్లు చేశారు. పారేసిన ఇనుప పైపులతో సిలిండర్లు చేశారు. ట్రాక్టర్ ఇరుసు ఉక్కును ఆకురాయితో గంటల తరబడి అరగదీసి కనెక్టింగ్ రాడ్లు చేశారు. కొలవడానికి మైక్రోమీటర్ లేకపోతే చక్రం పుల్లతో కొలత పరికరం చేసుకున్నారు. ఇంజన్‌లో పక్కన ఉండే వాల్వులను పైకి మార్చారు. ఆయిలు తిరిగే విధానాన్ని కూడా మార్చారు. 600 సి.సి. ఇంజన్ చివరికి 950 సి.సి. అయింది. 1936 నాటి వెలోసెట్ అనే మరో బండిని కూడా ఇదే విధంగా మార్చి నడిపారు.

చేసినవన్నీ నిలిచాయా అంటే లేదు. పిస్టన్లు పగిలాయి, రాడ్లు విరిగాయి, ఇంజన్ ఎన్నోసార్లు తుక్కయింది. విరిగిన ముక్కలను ఆయన పారేయలేదు. షెడ్డులో ఒక అలమరలో వరుసగా పేర్చి, వేగ దేవుడికి నైవేద్యాలు అనే అర్థం వచ్చేలా దాని మీద రాసుకున్నారు.

సైన్సు చదివే తమ్ముళ్లకు ఇందులో ఒక లెక్క ఉంది. బండి వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డుకునే బలం వేగపు వర్గంతో పెరుగుతుంది. దాన్ని అధిగమించడానికి కావలసిన సామర్థ్యం వేగపు ఘనంతో పెరుగుతుంది. అంటే మూడు రెట్ల వేగం కావాలంటే, ఆకారం అదే అయితే, ఇరవై ఏడు రెట్ల సామర్థ్యం కావాలి. ఇంజన్ ఒక్కదాన్ని ఎంత పెంచినా ఇది సాధ్యం కాదు. అందుకే మన్రో బండికి చేప ఆకారంలో ఒక తొడుగు తయారు చేసుకున్నారు. బండి మీద ముందుకు వాలి పడుకుని ఆ తొడుగులో ఇమిడిపోయి నడిపేవారు.

ఇన్వర్‌కార్గిల్ దగ్గర ఒరేటీ అనే పొడవైన సముద్రతీరం ఉంది. ఆటుపోట్లు తగ్గినప్పుడు అక్కడి ఇసుక గట్టిగా ఉంటుంది. అదే ఆయన ప్రయోగశాల. 1940లో న్యూజిలాండ్ రోడ్డు మీద గంటకు 120.8 మైళ్ల రికార్డు, 1957లో సముద్రతీరం మీద 131.38 మైళ్ల రికార్డు ఆయన సాధించారు.

ఆ తర్వాత ఆయన దృష్టి అమెరికాలోని బాన్‌విల్ ఉప్పు మైదానం మీద పడింది. యూటా రాష్ట్రంలో ఎప్పుడో ఎండిపోయిన పెద్ద సరస్సు అడుగు అది. కనుచూపు మేర తెల్లగా, చదునుగా ఉంటుంది. అడ్డం వచ్చే మనిషి గానీ, చెట్టు గానీ ఉండవు. అక్కడ రికార్డు కావాలంటే ఒకసారి పరుగెత్తితే చాలదు. గాలి వాలు కలిసి రాకుండా ఉండడానికి అటు ఒకసారి, ఇటు ఒకసారి నడిపి సగటు తీస్తారు. 1962లో 883 సి.సి. తరగతిలో గంటకు 178.95 మైళ్లు సాధించారు. 1966లో 168.07 మైళ్లు, 1967లో 1000 సి.సి. లోపు తరగతిలో 183.59 మైళ్లు. ఆ చివరి రికార్డు నాటికి ఆయన వయసు 68, బండి వయసు 47. ఆ కంపెనీ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో బండ్ల తయారీ ఆపేసి అప్పటికే పద్నాలుగేళ్లు. అర్హత కోసం ఒకవైపు తీసిన పరుగులో ఆ బండి 190.07 మైళ్లు కూడా అందుకుంది. అంటే గంటకు దాదాపు 306 కిలోమీటర్లు.

ఆ వేగం ఊరికే రాలేదు. అదే 1967లో ఒక పరుగులో బండి అదుపు తప్పి ఊగిపోయింది. వేగం తగ్గించడానికి మన్రో పైకి లేస్తే గాలి విసురుకు కళ్లద్దాలు ఎగిరిపోయాయి, కళ్లు కనిపించలేదు. చివరికి బండిని పక్కకు పడేసి చిన్న గాయాలతో బయటపడ్డారు. రోడ్డు మీద ఫీట్లు చేయాలనుకునే మిత్రులు ఒకటి ఆలోచించాలి. ఆయన పడింది ఖాళీ మైదానంలో. మన ఊరి రోడ్డు మీద బడి పిల్లలు నడుస్తుంటారు.

ఇంతవరకు చదివితే ఇది గెలుపు కథ. కానీ మేము ఇంకో సంగతి దాచదలచుకోలేదు. మన్రోకు 1927లో ఫ్లోరెన్స్ బెరిల్ మార్టిన్‌తో పెళ్లయింది. నలుగురు పిల్లలు. 1947లో విడాకులయ్యాయి. 1940ల చివర్లో ఆయన ఉద్యోగం మానేసి, ఒక షెడ్డులో బండి పక్కనే మంచం వేసుకుని ఉండిపోయారు. ఆ బండి ఖరీదులో ఒక కుటుంబం కూడా ఉంది. దాన్ని గొప్పతనంగా మేము చెప్పలేం.

ముఖ్యంగా మనలాంటి వాళ్లం చెప్పలేం. మన ఇళ్లలో మొదట చదువుకున్నది మనమే. నాన్న అప్పు, చెల్లి పెళ్లి, తమ్ముడి ఫీజు మన కోసం ఎదురు చూస్తుంటాయి. ఇష్టమైన పని కోసం అన్నీ వదిలెయ్యమని పుస్తకాలు చెబుతాయి గానీ, వదిలెయ్యడానికి కూడా కాస్త ఆస్తి ఉండాలి. మన్రో జీవితంలో మేము తీసుకునేది ఆ చివరి షెడ్డును కాదు. అంతకుముందు ఇరవై ఏళ్లు పగలు ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు పట్టిన ఆకురాయిని తీసుకుంటాం.

మన హాస్టల్ నుంచి పి.జి.కి వెళ్లిన వాళ్ల పేర్లు బోర్డు మీద రాస్తారు. పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ.లో ఫిట్టర్, టర్నర్, డీజిల్ మెకానిక్ ట్రేడుల్లో చేరిన మిత్రుల పేర్లు అక్కడ కనిపించవు. పండక్కి ఊళ్లో కలిస్తే, ఏం చదువుతున్నావని అడగగానే వాళ్లు మాట మార్చేస్తారు. పోతపోయడం, అరగదీయడం, నూలుపోగు తేడా కూడా లేకుండా కొలవడం వాళ్ల పాఠాలే. మన్రో ప్రపంచ రికార్డు సాధించింది ఆ పాఠాలతోనే. ఈ వ్యాసం ముందుగా ఆ మిత్రుల కోసం రాశాం.

మన్రో 1978 జనవరి 6న ఇన్వర్‌కార్గిల్‌లోనే గుండె జబ్బుతో కన్నుమూశారు. 2005లో రోజర్ డొనాల్డ్‌సన్ దర్శకత్వంలో ఆయన జీవితం మీద సినిమా వచ్చింది. ఆంథోనీ హాప్కిన్స్ మన్రోగా నటించారు. ఆయన అనేకసార్లు చేసిన ప్రయాణాలను అందులో ఒకే ప్రయాణంగా కుదించారు. 2006లో అమెరికా మోటార్‌సైకిల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చారు. అదే ఏడాది ఆయన పేరు మీద ఆయన సొంత ప్రాంతం సౌత్‌లాండ్‌లో మోటారు సైకిల్ ర్యాలీ మొదలైంది. ఎక్కడెక్కడి నుంచో బండ్ల మీద వచ్చిన వాళ్లు అదే ఒరేటీ ఇసుకలో పందేలు నడుపుతారు.

అన్నిటికంటే మాకు నచ్చింది 2014 నాటి సంగతి. ఆయన కొడుకు జాన్ పాత రికార్డు కాగితాలు చూస్తుంటే 1967 లెక్కలో తేడా కనిపించింది. అటు పరుగు 184.710 మైళ్లు, ఇటు పరుగు 183.463 మైళ్లు. సగటు తీస్తే 184.087 రావాలి. రికార్డు పుస్తకంలో 183.59 అని ఉంది. అమెరికా సంఘం తప్పు ఒప్పుకుని దిద్దింది. నలభై ఏడేళ్ల తర్వాత, మనిషి పోయిన ముప్పై ఆరేళ్లకు, వేగం అర మైలు పెరిగింది. తండ్రి కాలమంతా ఆ బండికే పోయినా, కొడుకు కూర్చుని ఆ లెక్క సరిచూశాడు.